ఆయుర్వేద కళాశాల నుంచి ఆరియోమైసిన్ దాకా
(డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు జీవితం)

బడి వదిలాక నేను చదువుకున్నది సూక్ష్మజీవశాస్త్రం. ఆ తర్వాత చాలా ఏళ్ళు డిగ్రీ విద్యార్థులకు చెప్పినదీ అదే. స్వర్ణోత్సవ సంచికకు ఒక మహనీయుడి జీవితం గురించి రాయమని సంఘం మిత్రులు అడిగినప్పుడు నాకు వెంటనే తట్టిన పేరు డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు. కారణం చెబుతాను.

చివరి ఏడాది ప్రాజెక్టుల కాలం వచ్చిందంటే మా ల్యాబ్ నిండా వేపాకు, తులసి, పసుపు, ఉసిరి, నేలవేము కనిపించేవి. పిల్లలు ఆకుల్ని నీడన ఆరబెట్టి పొడి చేసేవారు. ఆ పొడిని నీళ్ళలోనో ఆల్కహాల్‌లోనో నానబెట్టి, వడగట్టి, సారం తీసేవారు. అగార్ పోసిన పళ్ళెం మీద బాక్టీరియాను పలచగా పరిచి, ఆ సారంలో ముంచి ఆరబెట్టిన చిన్న వడపోత కాగితపు బిళ్ళల్ని దానిపై ఉంచేవారు. 37 డిగ్రీల వేడిలో ఒక రాత్రి ఉంచి మర్నాడు చూస్తే, సారం పనిచేసినచోట బిళ్ళ చుట్టూ బాక్టీరియా పెరగని గుండ్రటి ఖాళీ కనిపిస్తుంది. ఆ వలయాన్ని స్కేలుతో మిల్లీమీటర్లలో కొలిచి రికార్డులో రాస్తారు.

ఆ పళ్ళెంలో ఇంకో రెండు బిళ్ళలు తప్పకుండా ఉండాలి. ఒకటి మొక్క సారం లేకుండా ఆల్కహాల్‌లో మాత్రమే ముంచినది. నేను విద్యార్థిగా చేసిన మొదటి ప్రయోగంలో ఈ బిళ్ళ పెట్టలేదు. తులసికి ఎంత శక్తి ఉందోనని పొంగిపోయాను. రెండోసారి పెట్టి చూస్తే ఆ బిళ్ళ చుట్టూ కూడా వలయం వచ్చింది. సరిగా ఆరని ఆల్కహాలే బాక్టీరియాను అడ్డుకుంది, తులసి కాదు! ఇక రెండో బిళ్ళ, ఇప్పటికే రుజువైన మందుది. మా ల్యాబ్‌లో అందుకు వాడేది టెట్రాసైక్లిన్. మొక్క సారం బలమెంతో దాని పక్కన పెట్టి చూసుకునేవాళ్ళం.

ఈ టెట్రాసైక్లిన్ ఎక్కడిదని పిల్లలు అడిగితే, భీమవరంలో పుట్టి, మెట్రిక్ రెండుసార్లు తప్పిన ఒక తెలుగువాడు నడిపిన పరిశోధనశాల నుంచి ఈ మందుల కుటుంబం వచ్చిందని చెప్పేవాణ్ణి. వాళ్ళు నమ్మలేనట్టు చూసేవారు. ఆ కథే ఇది.

రెండుసార్లు తప్పిన మెట్రిక్

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. పిల్లలు ఎక్కువ, రాబడి తక్కువ. రాజమండ్రిలో చదువుతున్న రోజుల్లో పదమూడేళ్ళ సుబ్బారావు ఇల్లు వదిలి కాశీకి బయలుదేరారు. యాత్రికులకు అరటిపళ్ళు అమ్మి డబ్బు సంపాదించాలన్నది ఆయన ఆలోచన. ఇంట్లోవాళ్ళు దారిలోనే పట్టుకొని వెనక్కి తీసుకొచ్చారు. చదువు మాన్పించడానికి వెంకమ్మ గారు ఒప్పుకోలేదు. నగలు అమ్మి మరీ చదివించారు. సుబ్బారావు మెట్రిక్ పాసయింది మూడో ప్రయత్నంలో, మద్రాసు హిందూ హైస్కూలు నుంచి.

ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ చదివేటప్పుడు ఆయన మనసు రామకృష్ణ మిషన్ వైపు మళ్ళింది. సన్యాసం తీసుకోవాలనుకున్నారు. తల్లి ఒప్పుకోలేదు. వైద్యం చదివితే సేవ ఇంకా బాగా చేయవచ్చని మఠంలోని పెద్దలే సలహా ఇచ్చారు. అలా 1915లో మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. స్నేహితులు సాయం చేశారు. కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు చదువుకు అండగా నిలబడ్డారు. తర్వాత ఆయన కుమార్తె శేషగిరినే సుబ్బారావు పెళ్ళి చేసుకున్నారు.

ఆ యౌవనంలోనే ఇంట్లో పిడుగు పడింది. స్ప్రూ అనే జబ్బుతో ఇద్దరు సోదరులు కొద్ది కాలం తేడాతో పోయారు. ఆగని విరేచనాలు, తిన్నది ఒంటికి పట్టకపోవడం, రక్తం తగ్గిపోవడం, నానాటికీ చిక్కి శల్యమవడం ఈ జబ్బు లక్షణాలు. దానికి కారణమేమిటో అప్పటి వైద్యులకు తెలియదు. మందూ లేదు. వైద్యం చదువుతున్న తమ్ముడు ఇంట్లో ఉండి కూడా ఏమీ చేయలేకపోయారు. ఈ సంగతి గుర్తుంచుకోండి, చివర్లో మళ్ళీ వస్తుంది.

ఖద్దరు కోటు

విదేశీ వస్త్రాలు విడిచిపెట్టమని గాంధీజీ పిలుపునిచ్చిన రోజులవి. సుబ్బారావు శస్త్రచికిత్స గదికి కూడా ఖద్దరు కోటు వేసుకొని వెళ్ళారు. శస్త్రచికిత్స ఆచార్యుడు బ్రాడ్‌ఫీల్డ్‌కు అది నచ్చలేదు. రాతపరీక్షలు బాగా రాసినా చివరికి ఆయన చేతికి వచ్చింది ఎం.బి.బి.ఎస్. కాదు, దానికంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టా. మద్రాసు వైద్య సర్వీసులో ఉద్యోగానికి ప్రయత్నించారు. రాలేదు.

అప్పుడు దారి చూపింది డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారు. ఆయన పాశ్చాత్య వైద్యం చదివి ఆయుర్వేదం వైపు వచ్చిన పండితుడు. స్వాతంత్ర్యోద్యమ నాయకురాలు రుక్మిణీ లక్ష్మీపతి గారి భర్త. మద్రాసులో ఆయన ఆయుర్వేద కళాశాలలో శరీరనిర్మాణ శాస్త్రం చెప్పే ఉద్యోగంలో సుబ్బారావు చేరారు.

అక్కడ ఆయనకు కొత్త ప్రపంచం కనిపించింది. పెద్ద ఆసుపత్రుల్లో నయం కాని రోగులు కషాయాలతో, చూర్ణాలతో కోలుకోవడం కళ్ళారా చూశారు. అక్కడే ఒక ప్రశ్న కూడా పుట్టింది. పది మూలికలు కలిపిన కషాయంలో పనిచేసింది ఏది? ఆకా, వేరా, బెరడా? అందులో ఏ పదార్థం? ఎంత మోతాదు? రోగి దానంతట అదే కోలుకున్నాడా, మందు వల్లనా? గురువు చెప్పాడనో, గ్రంథంలో ఉందనో అంటే ఈ ప్రశ్నలకు జవాబు కాదు. ఆయుర్వేదాన్ని ఆధునిక పద్ధతిలో పరిశోధించి నిలబెట్టాలని ఆయన పూనుకున్నారు. దాదాపు ఆ రోజుల్లోనే కలకత్తాలో కర్నల్ రామ్‌నాథ్ చోప్రా దేశీయ మూలికల మీద ఇలాంటి పనికే నడుం కట్టారు. మద్రాసులో సుబ్బారావుకు అంతటి ల్యాబ్ లేదు. నేర్పేవారూ లేరు. రాక్‌ఫెల్లర్ సాయంతో వచ్చిన ఒక అమెరికన్ వైద్యుడితో అనుకోకుండా జరిగిన పరిచయం ఆయన చూపును అమెరికా వైపు తిప్పింది. కాకినాడ మల్లాది సత్యలింగం ధర్మసంస్థ సాయం చేస్తామంది. మామగారు ప్రయాణానికి డబ్బు సర్దారు. మూడేళ్ళలో తిరిగి వస్తానని భార్యకు మాట ఇచ్చి బయలుదేరారు.

బోస్టన్‌లో

1922 అక్టోబరు 26న బోస్టన్‌లో దిగారు. హార్వర్డ్ ఉష్ణమండల వైద్య పాఠశాలలో చేరారు. చేతిలో ఉన్న డబ్బు ఎన్నాళ్ళు వస్తుంది? రాత్రిళ్ళు ఆసుపత్రిలో పనివాడుగా చేరి, రోగుల మలమూత్ర పాత్రలు కడిగి, పగలు చదువుకున్నారు. ఇంటి దగ్గర కొడుకు పుట్టాడన్న కబురు వచ్చింది. పసివాడుగానే పోయాడన్న కబురూ వచ్చింది. ఆ బిడ్డ ముఖం ఆయన చూడనే లేదు.

తర్వాత హార్వర్డ్ జీవరసాయన విభాగంలో సైరస్ ఫిస్కే దగ్గర చేరారు. శరీర ద్రవాల్లో, కణజాలాల్లో భాస్వరం ఎంత ఉందో రంగును బట్టి కొలిచే పద్ధతిని ఇద్దరూ కలిసి 1925లో ప్రకటించారు. నమూనాలో భాస్వరం ఎంత ఎక్కువగా ఉంటే నీలం రంగు అంత చిక్కగా వస్తుంది. బయోకెమిస్ట్రీ చదివిన ప్రతివాడికీ ఫిస్కే-సుబ్బారావు పద్ధతి తెలుసు. ఆ కొలత చేతికి వచ్చాకే కండరాల్లో దాగిన ఫాస్ఫోక్రియాటిన్ 1927లో బయటపడింది. 1929లో ఎ.టి.పి. బయటపడింది. జర్మనీలో కార్ల్ లోమన్ కూడా అదే కాలంలో విడిగా దాన్ని కనుగొన్నారు. మన కండరాలకు శక్తినిచ్చే ఇంధనం గురించి ప్రతి పాఠ్యపుస్తకంలో ఉండే పాఠం ఇదే.

1930లో పిహెచ్.డి. వచ్చింది కానీ శాశ్వత ఉద్యోగం రాలేదు. ఆయన వేరుచేసిన కొన్ని పదార్థాలు ఏళ్ళ తరబడి వెలుగు చూడలేదనీ, పై ఆచార్యుడి అసూయే అందుకు కారణమనీ, తర్వాత వాటిని ఇతరులు మళ్ళీ కనుగొనవలసి వచ్చిందనీ ఆ ల్యాబ్‌లోనే చదువుకున్న నోబెల్ గ్రహీత జార్జ్ హిచింగ్స్ తర్వాతి కాలంలో చెప్పారు. సుబ్బారావు మాత్రం ఎవరితోనూ తగవు పడలేదు. తన ఘనత చెప్పుకోవడం ఆయనకు చేతకాదు.

పాలకూర ఆకులోని మందు

1940లో ఆయన హార్వర్డ్ విడిచి న్యూయార్క్ దగ్గర పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ మందుల కంపెనీలో చేరారు. త్వరలోనే అక్కడి పరిశోధనకంతా నాయకుడయ్యారు. మద్రాసులో లేనివన్నీ ఇక్కడ చేతికి వచ్చాయి.

మొదట పట్టుకున్నది రక్తహీనత. 1930 ప్రాంతంలో బొంబాయిలో లూసీ విల్స్ అనే వైద్యురాలు గర్భిణుల్లో వచ్చే ఒక రకం రక్తహీనత ఈస్ట్ సారంతో తగ్గుతుందని చూపించారు. ఈస్ట్‌లో ఏముందో మాత్రం తెలియలేదు. 1941లో టెక్సాస్ శాస్త్రవేత్తలు టన్నులకొద్దీ పాలకూర నుంచి రవ్వంత పదార్థం వేరుచేసి, ఆకు అనే అర్థం వచ్చే లాటిన్ మాట నుంచి ఫోలిక్ ఆమ్లం అని పేరు పెట్టారు. దాన్ని స్వచ్ఛంగా వేరుచేసి, నిర్మాణం తేల్చి, ల్యాబ్‌లో తయారుచేసే పని సుబ్బారావు బృందం 1945కల్లా పూర్తిచేసింది. మద్రాసు కళాశాలలో పుట్టిన ప్రశ్నకు జవాబు వెతికే దారి ఇదే. సారంలో గుణం ఉందని చెప్పి ఊరుకోకూడదు. ఆ గుణం ఏ పదార్థానిదో పట్టుకోవాలి.

ఆ ఫోలిక్ ఆమ్లం ఇచ్చిన స్ప్రూ రోగులు కోలుకోవడం మొదలుపెట్టారు. సోదరులు పోయిన పాతికేళ్ళ తర్వాత, ఆ జబ్బుకు మందు ఆయన ల్యాబ్ గుమ్మం దాటి బయటికి వచ్చింది.

దాన్ని కొద్దిగా మార్చి, ఫోలిక్ ఆమ్లం పనిని అడ్డుకునే అమినోప్టెరిన్‌ను కూడా ఆయన బృందం తయారుచేసింది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ దాన్ని రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలకు ఇచ్చారు. 16 మందిలో 10 మందికి జబ్బు తాత్కాలికంగా వెనక్కి తగ్గిందని 1948లో ప్రకటించారు. నేటి మెథోట్రెక్సేట్ దాని తోబుట్టువే. మన కోస్తా జిల్లాల పాత శత్రువు బోదకాలుకు ఇస్తున్న డైఇథైల్ కార్బమజైన్ మాత్ర కూడా 1947లో ఈ ల్యాబ్ నుంచే వచ్చింది.

గడ్డి నేలలోని బంగారు రంగు

ఇక బాక్టీరియా సంగతి. అప్పటికి పెనిసిలిన్ వచ్చింది. కానీ చాలా రకాల బాక్టీరియా మీద అది పనిచేయదు. స్ట్రెప్టోమైసిన్ వచ్చింది. దాన్ని ఇంజెక్షన్‌గా ఇవ్వాలి, బాక్టీరియా దానికి త్వరగా అలవాటుపడిపోతుంది. ఎక్కువ రకాల బాక్టీరియాను అడ్డుకునేది, నోటితో మింగగలిగేది కావాలి.

ఈ వేటకు సుబ్బారావు నమ్ముకున్న మనిషి బెంజమిన్ డగ్గర్. ఆయన మొక్కల జబ్బుల మీద జీవితమంతా పనిచేసిన వృక్షశాస్త్ర ఆచార్యుడు. విశ్వవిద్యాలయం డెబ్బై దాటాయని ఆయన్ని పదవీ విరమణ చేయించి పంపించింది. లెడర్లీ 1944లో పిలిచి పని ఇచ్చింది. ఈ సంచిక చదివే మన విశ్రాంత ఉపాధ్యాయులకు ఈ మాట నచ్చుతుందని నా నమ్మకం.

డగ్గర్ పాత స్నేహితులకు ఉత్తరాలు రాసి, ఎక్కడెక్కడి నుంచో మట్టి తెప్పించారు. మట్టిలో ఉండే సూక్ష్మజీవులు ఒకదాన్నొకటి అడ్డుకోవడానికి కొన్ని పదార్థాలు వదులుతాయి. ఒక్కో జీవిని వేరుచేసి పెంచి, అది విడుదల చేసిన సారాన్ని రకరకాల బాక్టీరియా పరిచిన పళ్ళేల మీద పరీక్షించాలి. వలయం వస్తుందా రాదా చూడాలి. మా పిల్లలు వేపాకుతో చేసే పరీక్షే, కాకపోతే వేల నమూనాలతో, ఏళ్ళ తరబడి. వాటిలో చాలావరకు ఏ వలయమూ రాదు. వచ్చిన వాటిలోనూ చాలావరకు పాత మందులే తేలతాయి, లేదా విషాలు తేలతాయి. 1945లో మిస్సోరీ విశ్వవిద్యాలయంలో శాన్‌బార్న్ అనే ప్రయోగ క్షేత్రంలో, 23వ నంబరు మడిలో పశువుల మేతకు పెంచే గడ్డి నేల నుంచి వచ్చిన మట్టిలో ఒక జీవి దొరికింది. దాని గుర్తు ఎ-377. బంగారు పసుపు రంగు. ఆ రంగును బట్టే మందుకు ఆరియోమైసిన్ అని పేరు వచ్చింది.

దాని పళ్ళెం చూసి ఎవరూ పండగ చేసుకోలేదు. వలయం కథకు మొదలు మాత్రమే. పళ్ళెంలోని బాక్టీరియాను అడ్డుకునేది రక్తంలోకి వెళ్ళి కూడా అడ్డుకోవాలి కదా? కడుపులోని ఆమ్లాన్ని తట్టుకోవాలి. బాక్టీరియాను ఆపే మోతాదు మనిషికి హాని చేయకూడదు. ఒక్కో బ్యాచ్ ఒక్కోలా ఉండకూడదు. ఎలుకల్లో, ఇతర జంతువుల్లో చూశాకే మనుషుల దగ్గరకు వెళ్ళాలి. మనుషులకు తొలిసారి ఇచ్చి చూసింది న్యూయార్క్ హార్లెమ్ ఆసుపత్రిలోని నల్లజాతి శస్త్రవైద్యుడు లూయీ రైట్. 1948 జూలైలో న్యూయార్క్ సైన్స్ అకాడమీ సభలో డగ్గర్, ఆయన సహచరులు ఆరియోమైసిన్‌ను లోకానికి పరిచయం చేశారు. ఘనతంతా సహచరులకు వదిలి, నాయకుడు వెనక వరసలోనే ఉండిపోయారు.

కొద్ది వారాలకే, ఆగస్టులో, సుబ్బారావు నిద్రలోనే గుండె ఆగి చనిపోయారు. వయసు 53. దేశానికి స్వాతంత్ర్యం వచ్చి ఏడాది. మూడేళ్ళలో వస్తానని చెప్పి వెళ్ళి ఇరవై ఆరేళ్ళు అయింది. శేషగిరి గారిని ఆయన మళ్ళీ చూడలేదు. మనం ఆయన గొప్పతనం చెప్పుకునేటప్పుడు ఆ తల్లి ఎదురుచూపు కూడా గుర్తుంచుకోవడం ధర్మం.

పళ్ళెం చెప్పేది, చెప్పనిది

ఆరియోమైసిన్ తర్వాత కొన్నేళ్ళకు దాని అణువులో స్వల్ప మార్పుతో టెట్రాసైక్లిన్ వచ్చింది. ఆ తర్వాత డాక్సీసైక్లిన్ వచ్చింది. 1994లో సూరత్‌లో ప్లేగు భయం పుట్టినప్పుడు జనం చేతుల్లోకి వెళ్ళింది టెట్రాసైక్లినే. అయితే ఈ కుటుంబం బాక్టీరియాను సాధారణంగా చంపదు, ప్రొటీన్ తయారీని ఆపి పెరగకుండా చేస్తుంది. పిల్లల దంతాలను పసుపు పట్టిస్తుంది కాబట్టి గర్భిణులకు, పసిపిల్లలకు ఇవ్వరు. కోళ్ళ దాణాలో, పశువుల దాణాలో విచ్చలవిడిగా కలపడం వల్ల, అవసరం లేకుండా మింగడం వల్ల చాలా బాక్టీరియా దీనికి లొంగకుండా పోయింది. అందుకే ఇవాళ మళ్ళీ ప్రపంచమంతటా ఆకులు, వేర్లు, బెరడులు పళ్ళేల మీదకు వస్తున్నాయి.

ఈ పని చేస్తున్న మన పూర్వ విద్యార్థులకూ, చేయించే ఉపాధ్యాయులకూ సుబ్బారావు జీవితం నుంచి చెప్పదలచింది ఒకటే. పళ్ళెం రెండు వైపులా మోసం చేస్తుంది. ఆల్కహాల్ వలయాన్ని తులసి ఖాతాలో వేయవచ్చు. పసుపులోని కర్కుమిన్ నీటిలో కరగదు, అగార్‌లో సరిగా పాకదు. కాబట్టి నిజంగా గుణం ఉన్నా వలయం చిన్నగా రావచ్చు. దారుహరిద్రలోని బెర్బెరిన్‌ను స్టెఫైలోకోకస్ బాక్టీరియా లోపలికి వచ్చినదాన్ని వచ్చినట్టే బయటికి తోడేస్తుంది. కానీ ఆ బెర్బెరిస్ జాతి మొక్కల్లోనే ఆ తోడే యంత్రాన్ని మూసేసే మరో పదార్థం ఉందని తేలింది. విడిగా చూస్తే బలహీనమైన రెండు, కలిస్తే బలమైనవి అవుతాయి. మన పాతవాళ్ళు మూలికలు కలిపి వాడటం వెనక ఇలాంటి కారణాలు కొన్ని ఉండవచ్చు. అది కూడా తేలేది పరీక్షతోనే, నమ్మకంతో కాదు, వెటకారంతో అంతకంటే కాదు.

1953లో లెడర్లీ శాస్త్రవేత్త ఒక కొత్త శిలీంధ్రానికి సుబ్బారోమైసిస్ అని పేరు పెట్టారు. 1995లో శతజయంతికి మన తపాలా శాఖ స్టాంపు వేసింది. ఆయనకు ఇవన్నీ తెలియవు. తెలిసినా పట్టించుకునే మనిషి కాదు.

ఇక మొదట గుర్తుంచుకోమన్న సంగతి. ఉష్ణమండలపు స్ప్రూకు ఇప్పుడు వైద్యులు ఇస్తున్న చికిత్స ఏమిటో తెలుసా? ఫోలిక్ ఆమ్లం, దానితోపాటు టెట్రాసైక్లిన్, కొన్ని నెలలపాటు. రెండూ సుబ్బారావు నడిపిన పరిశోధనశాలతో ముడిపడినవే. ఆయన సోదరులను తీసుకుపోయిన జబ్బు ఇప్పుడు రెండు మాత్రలతో నయమవుతోంది. తనవాళ్ళను కాపాడుకోలేకపోయినా, ముక్కూ మొహం తెలియని ఎందరో తమ్ముళ్ళకు అన్నలు మిగిలారు.

మన బడిలోనూ ప్రతి ఏడాదీ పరీక్ష తప్పే పిల్లలుంటారు. ఉపాధ్యాయ మిత్రులకు నా విన్నపం ఒక్కటే. మార్కుల జాబితాలో రెండుసార్లు తప్పిన పేరు కనిపించినప్పుడు ఆ పేరును కొట్టేయకండి. మూడోసారి రాయనివ్వండి.